కొండ చూసి వెళ్లిపోతే ఊరికేం మిగులుతుంది?

"కొండలెక్కితే ఏమొస్తుంది?" అని నన్ను చాలామంది అడిగారు. ఇరవై ఏళ్లుగా, సెలవు దొరికితే చాలు, బూట్లు తగిలించుకుని ఏదో ఒక కాలిబాట పట్టేవాణ్ని కాబట్టి ఆ ప్రశ్న నాకు అలవాటైపోయింది. మొదట్లో ఆరోగ్యం వస్తుందనేవాణ్ని, మనసు తేలికపడుతుందనేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే వాళ్లనే తిరిగి అడుగుతున్నాను: నాకేమొస్తుందో తర్వాత చూద్దాం, నేను ఎక్కినందుకు ఆ కొండ కింద ఉన్న ఊరికి ఏమొస్తుంది?

ఈ ఆలోచన నాకు ఒక నోటుపుస్తకం వల్ల వచ్చింది. ప్రయాణాల్లో ఖర్చులు రాసుకునే అలవాటు నాకు ముందు నుంచీ ఉంది. కొన్నేళ్ల కిందట పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమ పక్క 'ఊళ్లో', కుడి పక్క 'బయట' అని రాయడం మొదలుపెట్టాను. నా చేతిలోంచి పోయిన డబ్బు ఆ ఊరివాళ్ల చేతిలో పడితే ఎడమ పక్క, లేకపోతే కుడి పక్క. పొద్దున్నే కారులో వెళ్లి, శిఖరం చూసుకుని, చీకటి పడేలోగా తిరిగొచ్చిన రోజుల పేజీలు తిరగేస్తే ఎడమ పక్క దాదాపు ఖాళీగా ఉంది. పెట్రోలు దారిలో కొట్టించాను. తిండి ఇంటి నుంచి కట్టుకెళ్లాను. ఊరికి నేనిచ్చింది పార్కింగ్ రుసుము ఒక్కటే. అదే ఊళ్లో రెండు రాత్రులు ఉన్న ప్రయాణం పేజీ చూస్తే ఎడమ పక్క గీత దాటి పక్కకి పొంగింది. గది అద్దె, నాలుగు పూటల భోజనం, దారి చూపిన మనిషికి కూలి, ఊడిపోయిన బూటు అడుగు కుట్టించినందుకు, తడిసిన బట్టలు ఆరబెట్టి ఇచ్చినందుకు, చివరి రోజు బస్టాండు దాకా దింపిన ఆటోకి. మనిషిని నేనే, కొండ అదే. మారిందల్లా నేను అక్కడ ఉన్న గంటలు.

ఆరుబయట వినోదం, అంటే ట్రెకింగ్, సైక్లింగ్, పడవలు నడపడం, కొండలెక్కడం వంటివి, ఊళ్లకి డబ్బు తెస్తాయని అందరూ అంటారు. నిజమే. కానీ ఎలా తెస్తాయో సరిగ్గా అర్థం చేసుకోకుండా పథకాలు వేస్తే ఊరికి చెత్తా, ట్రాఫిక్కూ మిగులుతాయి. వచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టడం మానేసి, వాళ్లు అక్కడ గడిపిన రాత్రులు లెక్కపెట్టాలని నా వాదన.

ముందు పెద్ద అంకెల సంగతి. ఈ లెక్కని అందరికన్నా పద్ధతిగా కట్టే దేశం అమెరికా. 2016లో దానికోసం ఒక చట్టమే చేసుకున్నారు. అక్కడి ఆర్థిక విశ్లేషణ బ్యూరో ప్రకారం 2023లో ఆరుబయట వినోదం విలువ సుమారు 64 వేల కోట్ల డాలర్లు, అంటే దేశం మొత్తం ఉత్పత్తిలో 2.3 శాతం. దాదాపు 50 లక్షల ఉద్యోగాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడు నేను ఎగిరి గంతేశాను. తర్వాత నిదానంగా చూస్తే, ఆ లెక్కలో మోటారు పడవలు తయారుచేసే ఫ్యాక్టరీలూ ఉన్నాయి, ఇల్లులా వాడుకునే పెద్ద వ్యాన్ల కంపెనీలూ ఉన్నాయి, బూట్లూ జాకెట్లూ అమ్మే దుకాణాలూ ఉన్నాయి. అవన్నీ అవసరమే, కాదనను. కానీ ఆ వ్యాను తయారైన చోటికీ, అది వెళ్లి ఆగే కొండ ఊరికీ మధ్య వేల కిలోమీటర్లు ఉండొచ్చు. ఆ అంకెని చూపించి మన ఊరికీ ఇంత వస్తుందని చెప్పడం ఊరివాళ్లకి అన్యాయం చేయడమే.

దానికన్నా నాకు నచ్చిన లెక్క అక్కడి జాతీయ పార్కుల్ని నడిపే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ ఏటా వేసేది. పార్కు చుట్టూ 60 మైళ్ల లోపు ఊళ్లలో సందర్శకులు ఎంత ఖర్చు పెట్టారో వాళ్లు అంచనా కడతారు. 2023లో సుమారు 32.5 కోట్ల సందర్శనలు, ఆ చుట్టుపక్కల ఊళ్లలో 2,640 కోట్ల డాలర్ల ఖర్చు. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా బసదే, దాని తర్వాతే తిండి, మిగతావి. నా నోటుపుస్తకంలో ఎడమ పక్క కనిపించిన వరసే అక్కడా కనిపించింది.

ఊరికి ఏది ఆధారమో, అది ఆగిపోయినప్పుడే తెలుస్తుంది. అలా రెండుసార్లు దేశాల స్థాయిలో తెలిసొచ్చింది. 2013 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం బడ్జెట్ తగాదాతో 16 రోజులు మూతపడింది, దాంతో పార్కులూ మూసేశారు. ఆ నెలలో పార్కుల పక్క ఊళ్లు 41.4 కోట్ల డాలర్ల సందర్శకుల ఖర్చు పోగొట్టుకున్నాయని పార్క్ సర్వీస్ తర్వాత లెక్క తేల్చింది. యూటా రాష్ట్రం ఆగలేక, 10 రోజులు పార్కులు తెరిచి ఉంచడానికి 16.7 లక్షల డాలర్లు తన ఖజానా నుంచి కట్టింది. ఎవరి జేబు నుంచి పోతోందో వాళ్లకి విలువ తెలుస్తుంది.

రెండోది బ్రిటన్‌లో, 2001లో. ఆ ఫిబ్రవరిలో గాలికుంటు వ్యాధి బయటపడింది. 60 లక్షలకు పైగా గొర్రెల్నీ, పశువుల్నీ, పందుల్నీ చంపేయాల్సి వచ్చింది. వ్యాధి పాకకుండా పల్లెల్లో కాలిబాటలు దాదాపు అన్నీ మూసేశారు. పొలం గట్ల మీద, కొండల మీద నడిచే దారులకి తాళ్లు కట్టి బోర్డులు పెట్టారు. అప్పటిదాకా ఆ పల్లెలు బతికేది వ్యవసాయం మీదే అని అందరి నమ్మకం, ఊరివాళ్లతో సహా. తీరా అక్కడి ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ లెక్క చూస్తే ప్రభుత్వానికి 300 కోట్ల పౌండ్లకు పైగా, ప్రైవేటు రంగానికి 500 కోట్ల పౌండ్లకు పైగా నష్టం. ఆ ప్రైవేటు నష్టంలో పెద్ద దెబ్బ తగిలింది పర్యాటకానికి. పైగా పశువులు పోయిన రైతుకి పరిహారం ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. నడిచేవాళ్లు రాక ఖాళీ అయిన గదుల యజమానికి అలాంటిదేమీ లేదు. దారి మూసేస్తే దారి పక్కన బతుకుతున్నవాళ్లు ఎవరో అప్పుడు కళ్లకు కట్టింది.

నెమ్మదితనం ఊరికి ఎలా ఆదాయమవుతుందో చూపించడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ న్యూజిలాండ్‌లోది. దక్షిణ దీవిలో సెంట్రల్ ఒటాగో అనే మెట్ట ప్రాంతం ఉంది. గొర్రెల మందలూ, చిన్న చిన్న ఊళ్లూ. వాటిని కలుపుతూ ఒక రైలు మార్గం ఉండేది. 1990లో దాంట్లో చాలా భాగం మూసేశారు. రైలు పోయాక ఊళ్లు నీరసించాయి. 1993లో అక్కడి ప్రకృతి సంరక్షణ శాఖ ఆ పాత మార్గాన్ని కొని, పట్టాలు తీసేసి, వంతెనల మీద చెక్కలు పరిచి, క్లైడ్ నుంచి మిడిల్‌మార్చ్ దాకా 150 కిలోమీటర్ల సైకిల్ బాటగా చేసి 2000లో పూర్తిగా తెరిచింది. మొదట్లో కొందరు రైతులు ఒప్పుకోలేదు. తమ పొలాల మధ్య నుంచి ఎవరెవరో పోతారని వాళ్ల భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 150 కిలోమీటర్లు కారులో అయితే రెండు గంటలు. దారిలో ఒకసారి ఆగితే ఎక్కువ. అదే దూరం సైకిలు మీద అయితే మామూలు మనుషులకి మూడు నుంచి ఐదు రోజులు. రోజుకి 30, 40 కిలోమీటర్లు తొక్కిన మనిషికి సాయంత్రానికి మూడు కావాలి: కడుపునిండా తిండి, వేడినీళ్లు, మంచం. ఆ సమయానికి ఏ ఊరు దగ్గరుంటే ఆ ఊరికే డబ్బు. రైలు మార్గం కాబట్టి ఎత్తులు మెల్లగా ఉంటాయి, అందుకే అరవై దాటినవాళ్లూ, పిల్లలతో వచ్చేవాళ్లూ తొక్కగలుగుతారు. వాళ్ల సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరవేయడం కూడా అక్కడ ఒక వ్యాపారమైంది. సైకిళ్లు అద్దెకివ్వడం ఒకటి, బాగుచేయడం ఇంకొకటి. వాడుకలో లేని పాత ఇళ్లు బసలయ్యాయి. ఈ అనుభవం చూసే 2009లో ఆ దేశ ప్రభుత్వం 5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లతో దేశమంతా సైకిల్ బాటల పథకం మొదలుపెట్టింది. రైలు కూత ఆగిపోయిన ఊళ్లకి సైకిలు గంట ఒక దారి చూపించింది.

పెరూలోని 'ఇంకా ట్రెయిల్' అనే కాలిబాట లెక్క మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. కొండ మీది పురాతన నగరం మాచు పిచ్చుకి కాలినడకన వెళ్లే నాలుగు రోజుల ఆ దారిలో రోజుకి 500 మందినే వదులుతారు. ఆ 500లో యాత్రికులు సుమారు 200 మంది. మిగతా 300 మంది గైడ్లు, వంటవాళ్లు, సామాను మోసేవాళ్లు. నడిచేవాళ్లకన్నా వాళ్ల వల్ల పని దొరికినవాళ్లే ఎక్కువ! ఏ ఫ్యాక్టరీ అయినా ప్రతి కొనుగోలుదారుడికీ ఒకటిన్నర ఉద్యోగం ఇస్తుందా? అయితే ఆ ఉద్యోగాలు మంచి ఉద్యోగాలేనా అన్నది వేరే ప్రశ్న, దాన్ని దాటేయకూడదు. మోసేవాళ్ల వీపు మీద ఎంత పడితే అంత బరువు వేసే రోజులుండేవి. 2001లో వాళ్లకోసం చట్టం వచ్చాకే బరువుకి ఒక హద్దు ఏర్పడింది. వచ్చే డబ్బు గురించి మాట్లాడేటప్పుడు ఆ డబ్బు కోసం ఎవరి మోకాళ్లు అరుగుతున్నాయో కూడా మాట్లాడాలి.

ఇక నా వాదనకి ఎదురుదెబ్బ తగిలే చోటు. నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతం. 1986లో అక్కడ అన్నపూర్ణ సంరక్షణ ప్రాజెక్టు మొదలైంది. 7,629 చదరపు కిలోమీటర్లు, నేపాల్‌లోకెల్లా పెద్ద రక్షిత ప్రాంతం. మనుషుల్ని ఖాళీ చేయించి కంచె వేయడం మాని, ఊళ్లని ఊళ్లలోనే ఉంచి, ట్రెకింగ్‌కి వచ్చేవాళ్ల దగ్గర తీసుకునే ప్రవేశ రుసుముని అక్కడి సంరక్షణకీ, ఊళ్ల పనులకీ ఖర్చు పెట్టే పద్ధతి అది. అన్నపూర్ణ చుట్టూ పూర్తిగా తిరిగి రావడానికి ఒకప్పుడు దాదాపు మూడు వారాలు పట్టేది. ప్రతి మజిలీలోనూ ఇళ్లు బసలయ్యాయి. నేను చెప్పే నెమ్మదితనానికి అంతకన్నా మంచి నమూనా లేదు.

తర్వాత రోడ్డు వచ్చింది. ఒక పక్క జోమ్‌సోమ్ వైపు, ఇంకో పక్క మనాంగ్ వైపు జీపులు తిరగడం మొదలైంది. పది రోజుల నడక ఒక రోజు ప్రయాణమైంది. మధ్యలో ఉన్న ఊళ్లలో ఆగేవాళ్లు తగ్గిపోయారు, లాడ్జీలవాళ్లు గోలపెట్టారు. ఇది విని నాలాంటివాడు "చూశారా, రోడ్డు వేసి చెడగొట్టారు" అనడం సులువు. నేను ఒకప్పుడు అన్నాను కూడా. కానీ పురిటినొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద రెండు రోజులు మోసుకెళ్లాల్సిన ఊరికి రోడ్డు వద్దని చెప్పే హక్కు నాకెక్కడిది? నా సెలవు అందంగా ఉండాలని వాళ్ల ఆసుపత్రి దూరంగా ఉండాలా? పండిన ఆపిల్ పళ్లు కుళ్లకముందే అమ్ముకోవాలంటే వాళ్లకి రోడ్డే కావాలి. అందుకే ఇప్పుడు నా మాట మార్చుకున్నాను. రోడ్డు రావాలి. రోడ్డుతో పాటు, రోడ్డుకి దూరంగా, అవే ఊళ్లని కలిపే కాలిబాట కూడా రావాలి. అన్నపూర్ణలో అదే చేశారు, రోడ్డు తగలకుండా లోయకి అవతలి గట్టున వేరే దారులకి గుర్తులు పెట్టారు. రోడ్డు బడ్జెట్‌లో బాటకి అయ్యే ఖర్చు చాలా చిన్నది. రోడ్డు వేసేటప్పుడే ఆ చిన్న ఖర్చు ఎందుకు కలపరు అన్నదే నా బాధ.

బాట అంటే ఊరికే కాళ్లు పడి ఏర్పడే గీత అనుకునేవాణ్ని. ఒకసారి బాటలు బాగుచేసే బృందంతో రెండు రోజులు పని చేశాక ఆ భ్రమ పోయింది. ఆ బృందానికి పెద్ద ఒక ముసలాయన. నా చేతికి పార ఇచ్చే ముందు, తన సీసాలో నీళ్లు కొద్దిగా బాట మీద ఒంపాడు. "నీళ్లు ఎటు పోతున్నాయో చూడు బాబూ. నువ్వు ఎటు నడవాలో తర్వాత చూద్దాం" అన్నాడు. నీళ్లు బాట వెంటే ఒక జాన దూరం పాకి, ఒక గుంటలో ఆగాయి. అక్కడే జబ్బు. నీరు బాట వెంట పారితే మట్టిని కోసుకుపోయి రాళ్లు తేలతాయి. ఆగితే బురద అవుతుంది. బురద ఉంటే మనుషులు పక్కనుంచి నడుస్తారు, పక్కన గడ్డి చస్తుంది, అడుగు వెడల్పు బాట పది అడుగులవుతుంది, చివరికి వాలు మొత్తం జారుతుంది. దానికి మందు చాలా సింపుల్. బాటని లోయ వైపు కొంచెం వాలుగా చెక్కాలి. ఎత్తు ఎక్కువున్న చోట పొడుగు రాళ్లని అడ్డంగా కాకుండా ఏటవాలుగా పాతాలి, నీరు ఆ రాయిని తగిలి పక్కకి మళ్లుతుంది. ఆ రాయిలో మూడొంతులు భూమిలోనే ఉండాలి, లేకపోతే మొదటి వానకే లేచిపోతుంది. రాయి వెనక చేరే ఒండ్రుని ప్రతి వానాకాలం తర్వాత తీసేయాలి. రెండు రోజులు కష్టపడితే నేను సరిగ్గా పాతగలిగింది నాలుగు రాళ్లు.

ఈ పనికి రిబ్బన్లు కత్తిరించే సభ ఉండదు. అందుకే దీనికి డబ్బులు దొరకవు. శిఖరం మీద అద్దాల వంతెన కడతామంటే నిధులు వస్తాయి, కిందున్న దారిలో ఒండ్రు తీయడానికి రావు. అమెరికా అంతటి దేశంలోనే పార్కుల్లో వాయిదా పడిన మరమ్మతుల విలువ 2,000 కోట్ల డాలర్లు దాటింది. ఈ విషయంలో నాకు బాగా నచ్చినవాళ్లు ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులవాళ్లు. 50 వేల పైచిలుకు జనాభా ఉన్న ఆ చిన్న దీవుల్లో 2019 ఏప్రిల్‌లో ఒక వారాంతం పేరున్న చోట్లన్నీ 'మరమ్మతుల కోసం మూసివేత' అని మూసేశారు. బయటి దేశాల నుంచి వంద మంది వాలంటీర్లని పిలిచి, తిండీ బసా తామే ఇచ్చి, వాళ్లతో బాటలు బాగుచేయించుకున్నారు. ఇంకా ట్రెయిల్‌ని కూడా ప్రతి ఫిబ్రవరిలో నెలంతా మూసేస్తారు. మూసిన రోజుల్ని నష్టంగా రాసుకోకుండా పెట్టుబడిగా రాసుకోవడం వీళ్ల దగ్గర నేర్చుకోవాలి.

డబ్బు ఊళ్లోకి వచ్చినా ఎవరి చేతిలో ఆగుతుందన్నది ఇంకో చిక్కు. ఒకసారి నేను దూరపు కంపెనీ ఒకదాని ద్వారా నాలుగు రోజుల ట్రెక్ బుక్ చేసుకున్నాను. డబ్బంతా ముందే ఆన్‌లైన్‌లో కట్టేశాను. అక్కడికి వెళ్లాక మాతో నడిచిన కుర్రాడితో కబుర్లలో తెలిసింది, నేను కట్టినదాంట్లో అతని కూలి పదో వంతు కూడా లేదని. గుడారాలు బయటివి, వంట సామాను బయటి నుంచే లారీలో వచ్చింది. ఆ ట్రెక్ పేజీ ఇప్పటికీ నా నోటుపుస్తకంలో ఉంది. నాలుగు రాత్రులు ఉన్నా ఎడమ పక్క మూడే వరసలు. రాత్రులు మాత్రమే చాలవని నాకు ఆ రోజు తెలిసింది, ఆ రాత్రి ఎవరి కప్పు కింద పడుకున్నామన్నది కూడా లెక్కే.

దీనికి మాటలతో కాకుండా నియమాలతో దారి వేసుకున్న దేశం రువాండా. అక్కడి అగ్నిపర్వతాల పార్కులో గొరిల్లాలని చూడాలంటే 2017 నుంచి విదేశీయులకి 1,500 డాలర్ల పర్మిట్. ఒక గుంపుని రోజుకి ఎనిమిది మందే చూడాలి, అదీ ఒక గంట. పార్కుల ఆదాయంలో 5 శాతం చుట్టుపక్కల ఊళ్లకి ఇవ్వడం 2005లో మొదలుపెట్టి, 2017లో దాన్ని 10 శాతం చేశారు. ఆ డబ్బుతో బడులు, ఆరోగ్య కేంద్రాలు, నీళ్ల ట్యాంకులు కట్టారు. పదే ఎందుకు, ఇరవై ఎందుకు కాకూడదని నేనడుగుతాను. కానీ వాటా కాగితం మీద ఉంది కాబట్టే పెంచమని అడిగే వీలుంది. ఏమీ రాసుకోని చోట అడగడానికి కూడా ఏమీ ఉండదు.

పర్యాటకం బాగా సాగిన ఊళ్లకి వచ్చే జబ్బు ఇళ్ల అద్దెలు. అమెరికాలో గ్రాండ్ టీటన్ పార్కు పక్కనున్న జాక్సన్ ఊళ్లో పనిచేసేవాళ్లలో చాలామందికి అక్కడ ఇల్లు తీసుకునే స్తోమత లేదు. కొండకి అవతల పక్క రాష్ట్రంలో ఉండి రోజూ కనుమ దాటి వస్తారు. 2024 జూన్‌లో ఆ కనుమ రోడ్డులో ఒక ముక్క కూలిపోయింది. మూడు వారాల దాకా వంటవాళ్లు, నర్సులు, హోటల్ పనివాళ్లు గంటల కొద్దీ చుట్టుదారిలో పనికి రావాల్సి వచ్చింది. ఇంతమందికి అన్నం పెట్టే ఊరు తన పనివాళ్లకి గూడు చూపించలేకపోయింది. సెలవు ఇళ్లకి పరిమితి, పనివాళ్లకి ఇళ్లు అన్నవి సందర్శకులు పోటెత్తాక ఆలోచించే విషయాలు కావు. అప్పటికి భూమి ఎవరి చేతిలోనో ఉంటుంది.

బాటలు బాగుచేసే ముసలాయన దగ్గరికి మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను, నా రాళ్లు చూసుకుందామని. నాలుగింటిలో మూడు నిలబడ్డాయి. వాటి వెనక ఒండ్రు నిండిపోయి, నీరు రాయి మీదుగానే దూకడం మొదలైంది. ఎందుకు తీయలేదని అడిగితే, ఈసారి తమని నాలుగు నెలలకే పనిలోకి తీసుకున్నారని, వానలు అయ్యేసరికి పని ముగిసిందని చెప్పాడు. బృందంలో ఇద్దరు కుర్రాళ్లు పట్నం పోయి సెక్యూరిటీ గార్డులుగా చేరారట. ఆ దారిలో ఆ రోజు నేను లెక్కపెట్టినంతలో ఎనభై మందికి పైగా నడిచారు. కింద రెండు బసలూ నిండి ఉన్నాయి. ఆయనా నేనూ కలిసి ఒక పారతో, ఒక కర్రతో మూడు రాళ్ల వెనకా మట్టి తీశాం. తర్వాత ఆయన సీసా మూత తీసి బాట మీద నీళ్లు ఒంపాడు, అవి మొదటి రాయి దాకా వచ్చి, పక్కకి తిరిగి, గడ్డిలోకి దిగిపోయాయి.